సారథి ఒక్కడే, గుర్రాలు అనేకం: వోల్టేజి రెగ్యులేటర్ కథ

రెగ్యులేటర్ అనే మాట మన డెల్టా ప్రాంతాల వారికి కొత్తది కాదు. కాలువ మొగలో నీటిని కావలసినంత మేరకే వదలడానికి కట్టిన తలుపుల కట్టడాన్ని ఇంజనీర్లు రెగ్యులేటర్ అంటారు. జనం దానిని పక్కనున్న పడవల లాకుతో కలిపి మొత్తంగా "లాకులు" అనేస్తారు. ఎగువన నది పొంగినా తగ్గినా దిగువ కాలువలో నీటిమట్టం ఒక్కతీరున ఉండాలి. ఎలక్ట్రానిక్స్‌లో వోల్టేజి రెగ్యులేటర్ చేసే పని కూడా ఇదే. ఎగువన ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటర్ల మీదుగా దిగివచ్చిన ముతక విద్యుత్తు ఉంటుంది. గోడలో వోల్టేజి మారినా, వాడకం పెరిగినా అది ఎగుడుదిగుళ్లకు లోనవుతుంది. దిగువన రేడియో వంటి సుకుమారమైన పరికరం ఉంటుంది. నడుమ నిలిచి, ఎగువ కల్లోలం దిగువకు తెలియకుండా చూసేది రెగ్యులేటర్. (ఇళ్లలో ఫ్రిజ్జు పక్కన టక్కుటక్కుమనే స్టెబిలైజరుకూ దీనికీ చుట్టరికమే తప్ప ఏకత్వం లేదు. అది ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మీద మెట్లు మార్చే యంత్రం. మనం చెప్పుకొనేది మెట్లు లేకుండా, నున్నగా, క్షణక్షణమూ సర్దుకొనేది. "లీనియర్" అన్న విశేషణానికి ఇక్కడ అర్థం అదే.)

తెలుగులో దీనిని నియంత్రకం అన్నారు. మంచి మాట. నియంత అంటే నేడు నిరంకుశ పాలకుడనే అర్థం స్థిరపడిపోయింది గాని, అమరకోశం ఆ శబ్దాన్ని సారథి పర్యాయాలలో చేర్చింది. పగ్గాలు పట్టి గుర్రాలను అదుపులో ఉంచేవాడు నియంత. ఈ అర్థం గుర్తుంచుకొంటే ఇక చెప్పబోయే చరిత్ర అంతా సుబోధకమవుతుంది. బండి లాగేది గుర్రం. దారి చూసేది సారథి. చిన్న రెగ్యులేటరుకు పెద్ద భారం మోయడం నేర్పిన వారందరూ చేసినది ఒక్కటే: సారథిని మార్చకుండా గుర్రాలను పెంచడం. అందులోని లాభమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

మన చెరువును తలచుకొంటే ఈ విద్యలోని రెండు పద్ధతులూ తేటపడతాయి. చెరువుకు అలుగు ఉంటుంది, తూము ఉంటుంది. మట్టం దాటిన నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. మట్టం తనంతట తాను నిలుస్తుంది, కాని నీరు వృథా. షంటు రెగ్యులేటర్ ఈ జాతిది. తూము దగ్గర మనిషి ఉంటాడు. రాయలసీమలో నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరటి అంటారు. అతడు దిగువ పొలం చూస్తూ తూమును ఎక్కువ తక్కువలుగా తెరుస్తాడు. సిరీస్ రెగ్యులేటర్ ఈ జాతిది. తూముకు బదులు ఒక వాల్వో ట్రాన్సిస్టరో ఉంటుంది. దానికి పాస్ ట్రాన్సిస్టరని పేరు. నీరుగంటికి బదులు ఒక యాంప్లిఫయరు ఉంటుంది. అది బయటికి పోయే వోల్టేజిని ఒక స్థిరమైన ప్రమాణంతో పోల్చి చూసుకొంటూ, తేడా వచ్చిన క్షణంలోనే తూమును సవరిస్తుంది.

అయితే నీటి తూముకు లేని బాధ ఒకటి ఈ తూముకు ఉన్నది. ఎగువ 20 వోల్టులు, దిగువ 13.8 వోల్టులు అనుకొందాం. నడుమ 6.2 వోల్టుల తేడా తూములోనే అణగిపోవాలి. ఆ మార్గాన 20 ఆంపియర్లు ప్రవహిస్తే 6.2ను 20తో గుణించగా 124 వాట్లు. అంతా వేడి. దీపమూ కాదు, మోటారూ కాదు, వట్టి వేడి. లీనియర్ రెగ్యులేటర్ల చరిత్ర అంటే ఈ వేడిని ఎక్కడ పెట్టాలి, ఎవరు మోయాలి అన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాల చరిత్రే.

వాల్వుల కాలంలో అలుగు జాతివి వాయువు నింపిన గాజు గొట్టాలు. వి.ఆర్.150 అనే గొట్టం తనలో 5 నుండి 40 మిల్లీఆంపియర్ల దాకా ఎంత ప్రవహించినా తన కొసల మధ్య సుమారు 150 వోల్టులు నిలిపి ఉంచేది. చూడడానికీ అందమైనదే. లోపలి వాయువు రంగుగా వెలుగుతూ ఉండేది. కాని 40 మిల్లీఆంపియర్లతో ఏపాటి పని? తూము జాతిని శాస్త్రీయంగా పరిశీలించి, ఏ అమరిక ఎంత స్థిరత్వం ఇస్తుందో లెక్కగట్టిన వ్యాసం 1939లో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన హంట్, హిక్‌మన్ అనే ఇద్దరి నుండి వెలువడింది. తరువాతి ఇంజనీర్లకు అది దారి చూపింది.

ఆపైన ఈ పనికని ప్రత్యేకంగా వచ్చినది 6ఏఎస్7 అనే జంట వాల్వు. ఒక్కొక్క సగం 13 వాట్ల వేడిని, 125 మిల్లీఆంపియర్లను భరించేది. అది చాలకపోతే? మరొక వాల్వును, ఇంకొక వాల్వును పక్కపక్కన పెట్టేవారు. అన్నింటికీ సారథ్యం చేసే యాంప్లిఫయరు వాల్వు మాత్రం ఒక్కటే. ఇక్కడే ఒక చిక్కు. ఒకే పేరు గల రెండు వాల్వులు ఒకే స్వభావం గలవి కావు. అన్నదమ్ముల వలెనే! ఒకటి ముందుకు దూకి భారమంతా తనపై వేసుకొంటుంది, రెండవది సోమరిగా నిలుస్తుంది. అందుకని ప్రతి వాల్వుకూ ఒక చిన్న నిరోధకాన్ని (రెసిస్టరును) తగిలించేవారు. ఎక్కువ లాగబోయే దానికి ఆ నిరోధకంలో ఎక్కువ వోల్టేజి పడి, పగ్గం దానంతట అదే బిగుసుకొంటుంది. ఈ చిన్న ఉపాయం వాల్వులతో పోలేదు. ట్రాన్సిస్టర్లకు సంక్రమించింది, నేటికీ నడుస్తున్నది.

1947లో బెల్ పరిశోధనశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత అర్ధవాహకాల యుగం మొదలైంది. అలుగు పనికి జీనర్ డయోడు వచ్చింది. 1934లోనే ఘనపదార్థాలలో విద్యుత్ భంగాన్ని సిద్ధాంతీకరించిన క్లారెన్స్ జీనర్ పేరే దానికి పెట్టారు. తూము పనికి 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థ 2ఎన్3055 అనే సిలికాన్ ట్రాన్సిస్టరును తెచ్చింది. ఈ పేరు వినని ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు మన దేశంలో లేడంటే అతిశయోక్తి కాదు. రెండు బోల్టు రంధ్రాలతో కోలగా ఉండే లోహపు అడుగు, దానిపై గుండ్రని మూత. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణాలలో ఎన్ని తరాల విద్యార్థులు దానిని కొని తెచ్చుకొన్నారో! 15 ఆంపియర్లు, 60 వోల్టులు, 115 వాట్లు అని దాని యోగ్యతాపత్రం.

ఆ 115 వాట్ల మాటను అలాగే నమ్మరాదు. ట్రాన్సిస్టరు లోహపు తొడుగు 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉన్నప్పటి మాట అది. వంద వాట్లు వెదజల్లే వస్తువు తొడుగు 25 డిగ్రీల వద్ద ఉండడం మన వేసవిలోనే కాదు, మాఘమాసపు తెల్లవారుజామున కూడా సాధ్యం కాదు. ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు మూడింట రెండు వంతుల వాటు చొప్పున దాని శక్తి తరిగిపోతుంది. తొడుగు 75 డిగ్రీలకు చేరితే మిగిలేది 82 వాట్లే. యోగ్యతాపత్రంలో పెద్ద అక్షరాలలో ఉండేది ఒకటి, చిన్న అక్షరాలలో ఉండేది మరొకటి. ఈ నీతి ట్రాన్సిస్టర్లకే పరిమితమని నేననుకోను.

గుర్రం దొరికింది. సారథి మాత్రం ఇంకా విడివిడి భాగాలతో కూర్చవలసినవాడే. అతనిని ఒక్క సిలికాన్ ముక్కలో ఇమిడ్చినవాడు రాబర్ట్ విడ్లార్. 1937లో ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండులో పుట్టినవాడు. తండ్రి రేడియో ఇంజనీరు. 1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో చేరి రెండేళ్లలో రెండు ప్రసిద్ధ ఆంప్లిఫయరు చిప్పులు (702, 709) సృష్టించి, 1965 చివర దానిని విడిచి నేషనల్ సెమీకండక్టర్ వైపు వెళ్లాడు. మేధావి. తాగుబోతు. ఎవరి మాటా వినని మనిషి. అక్కడ అతడు చేసిన తొలి పనులలో ఒకటి ఎల్.ఎం.100, 1966-67 నాటిది. ప్రమాణ వోల్టేజి, పోల్చిచూసే యాంప్లిఫయరు, కరెంటుకు హద్దుపెట్టే ఏర్పాటు, అన్నీ ఒకే ముక్కలో. అదే 1967లో హైదరాబాదులో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వాన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) వెలసినదన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఎక్కడో కాలిఫోర్నియాలో జరిగేది మనకు అంత దూరపుది కాదు.

ఎల్.ఎం.100 తనంతట తానుగా ఇవ్వగలిగినది కొద్ది మిల్లీఆంపియర్లే. అది అసమర్థత కాదు. తెలిసి గీసుకొన్న గీత. వేడిని పుట్టించే పెద్ద ట్రాన్సిస్టరును, వేడికి చలించకూడని ప్రమాణ వోల్టేజిని మిల్లీమీటరు పాటి సిలికాన్ ముక్క మీద పక్కపక్కన కూర్చోబెడితే పొయ్యి పక్కన త్రాసు పెట్టినట్లవుతుంది. కాబట్టి విడ్లార్ బుద్ధిని చిప్పులో ఉంచి, బలాన్ని బయట ఉంచాడు. బయట ట్రాన్సిస్టర్లు తగిలిస్తే 5 ఆంపియర్లకు మించి కూడా రాబట్టవచ్చునని దాని పత్రాలలోనే చెప్పారు. అంటే, రెగ్యులేటరును హెచ్చు శక్తికి సవరించడం తరువాతెప్పుడో కుర్రవాళ్లు కనిపెట్టిన కొంటెపని కాదు. తొలి చిప్పు పుట్టుకలోనే ఉన్న ఉద్దేశం.

ఆ వెంటనే ఫెయిర్‌చైల్డ్ సంస్థ 723 అనే చిప్పును విడుదల చేసింది. స్వయంగా 150 మిల్లీఆంపియర్లు. 2 నుండి 37 వోల్టుల దాకా ఎక్కడ కావాలంటే అక్కడ నిలుపుకోవచ్చు. ప్రమాణ వోల్టేజి, యాంప్లిఫయరు, అన్నింటి కాళ్లూ బయటికే ఉండడంతో కూర్చేవాడికి స్వేచ్ఛ ఎక్కువ. చవక కూడా. అర్ధశతాబ్ది దాటినా ఆ చిప్పు ఇంకా దొరుకుతూనే ఉన్నది.

723 సారథిగా, 2ఎన్3055లు గుర్రాలుగా కట్టిన బండి ఎలా ఉంటుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం. అమెచ్యూర్ రేడియో వారికి (హ్యామ్‌లని వాడుక, హైదరాబాదులో వారి జాతీయ సంస్థ 1983 నుండి ఉన్నది) 100 వాట్ల ప్రసార యంత్రం ఉంటుంది. దానికి 13.8 వోల్టుల వద్ద సుమారు 20 ఆంపియర్లు కావాలి. పైన గుణించి చూసిన 124 వాట్లు ఈ బండివే. ఒక్క 2ఎన్3055 దానిని మోయలేదు. నాలుగు పెడితే ఒక్కొక్కదానికి 5 ఆంపియర్లు, 31 వాట్లు. వాల్వుల నాటి ఉపాయం ప్రకారం ఒక్కొక్కదాని ఎమిటరు కాలికి 0.1 ఓము నిరోధకం. 5 ఆంపియర్ల వద్ద దానిలో అర వోల్టు పడుతుంది, రెండున్నర వాట్ల వేడి పుడుతుంది. నాలుగూ భారాన్ని సమంగా పంచుకోవడానికి చెల్లించే రుసుము అది. ట్రాన్సిస్టర్లకు ఈ రుసుము వాల్వులకంటె అవసరం. వేడెక్కిన ట్రాన్సిస్టరు మరింత కరెంటును లాగుతుంది. లాగినకొద్దీ మరింత వేడెక్కుతుంది. పగ్గం లేకపోతే నాలుగింటిలో ఒకటి అన్ని ఆంపియర్లనూ తానే మింగి దగ్ధమవుతుంది, ఆ వెంటనే తక్కిన మూడూ.

ఇక 5 ఆంపియర్ల వద్ద ఈ ట్రాన్సిస్టరు వృద్ధి ఇరవై రెట్లనుకొంటే, ఒక్కొక్కదాని బేసుకు పావు ఆంపియరు, నాలుగింటికీ కలిపి ఒక ఆంపియరు అందించాలి. 723 ఇవ్వగలిగినది 150 మిల్లీఆంపియర్లే కదా! అందుకని నడుమ మరొక మధ్యస్థ ట్రాన్సిస్టరు. సారథి దానికి చెబుతాడు, అది నాలుగు గుర్రాలకూ చెబుతుంది. కొత్తవారు తరచు మరచే మెట్టు ఇదే. బల్ల మీద చిన్న భారంతో పరీక్షించినపుడు అంతా బాగానే ఉంటుంది. పూర్తి భారం వేయగానే వోల్టేజి కుంగుతుంది.

అన్నింటికంటె గడ్డు ప్రశ్న మరొకటి ఉన్నది. బయటి తీగలు పొరపాటున కలుసుకొంటే? దిగువ వోల్టేజి సున్నా అవుతుంది. ఎగువ 20 వోల్టులూ తూములోనే అణగాలి. కరెంటును 20 ఆంపియర్ల వద్దనే పట్టి నిలిపినా 400 వాట్లు. నాలుగు ట్రాన్సిస్టర్లు చాలవు, ఎనిమిదీ సుఖంగా ఉండవు. దీనికి కనిపెట్టినది ఫోల్డ్‌బ్యాక్ అనే పద్ధతి. దిగువ వోల్టేజి పడిపోయినకొద్దీ కరెంటు హద్దును కూడా తగ్గిస్తూ పోవడం. పూర్తిగా కలుసుకొన్నపుడు 5 ఆంపియర్లే అనుమతిస్తే, 20 వోల్టులకు 100 వాట్లు. మామూలు భారం కంటె తక్కువ! 723తో దీనిని రెండు మూడు అదనపు నిరోధకాలతో సాధించవచ్చు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి సొగసైన ఘట్టం ఇదే. దెబ్బ తగిలినపుడు బిగుసుకోకుండా ముడుచుకోవడం.

ఇంతలో విడ్లార్ మరొక అద్భుతం చేశాడు. ప్రచారంలో ఉన్న ఒక కథ ప్రకారం, పెద్ద ట్రాన్సిస్టరును కూడా అదే చిప్పు మీద పెట్టడం అసాధ్యమని మొదట అతడే అందరినీ నమ్మించాడట. ప్రత్యర్థులు ఆ ప్రయత్నం మానుకొన్న తరువాత తానే దానిని చేసి చూపాడట. కథ ఎలా ఉన్నా, 1969-70లో వచ్చిన ఎల్.ఎం.109 మాత్రం వాస్తవం. మూడే కాళ్లు: రాక, పోక, నేల. 5 వోల్టులు, ఒక ఆంపియరు పైచిలుకు. వేడికి చలించే జీనర్‌కు బదులు, వేడితో తగ్గే వోల్టేజిని వేడితో పెరిగే వోల్టేజితో కూడి, రెండింటి చలనాన్నీ రద్దుచేసే సుమారు 1.2 వోల్టుల కొత్త ప్రమాణాన్ని అందులో వాడాడు. ఈ ఊహకు మూలం 1964లో ఫెయిర్‌చైల్డ్‌లో హిల్బైబర్ చేసిన పని. దానిని చిప్పులో వాడుకకు తెచ్చిన ఘనత విడ్లార్‌ది.

మన కథకు ముఖ్యమైనది మరొక గుణం. చిప్పు తన వేడిని తానే కొలుచుకొంటుంది. హద్దు మీరిందా, తనను తాను ఆర్పివేసుకొంటుంది. చల్లబడ్డాక మళ్లీ మేల్కొంటుంది. బలమూ బుద్ధీ ఒకే సిలికాన్ ముక్క మీద ఉండడం వల్ల మాత్రమే ఇది సాధ్యమైంది. పొయ్యి పక్కన త్రాసు పెట్టరాదన్న పాత దోషమే ఇక్కడ గుణమైంది: పొయ్యి ఎంత మండుతున్నదో పక్కనున్నవాడికే తెలుస్తుంది. 723కు ఈ తెలివి లేదు. అది తన గుర్రాలను ఎన్నడూ తాకి చూడలేదు.

1970ల తొలినాళ్లలో ఫెయిర్‌చైల్డ్ వారి 7800 వరుస (7805, 7812 వగైరా), 1976లో నేషనల్‌లో బాబ్ డాబ్కిన్ రూపొందించిన ఎల్.ఎం.317 ఈ మూడు కాళ్ల వంశాన్ని ఇంటింటికీ చేర్చాయి. 7805 ఎంత మొండిదంటే, కుర్రవాడు ప్రయోగం చేస్తూ దాని బయటి తీగలను కలిపేసినా చావదు. వేడెక్కి, అలిగి, ఊరకుంటుంది.

మళ్లీ అదే పాత కోరిక. ఒక ఆంపియరు చాలదు, అయిదు కావాలి, పది కావాలి. ఇప్పుడు చిప్పులోనే గుర్రం ఉన్నది కదా, మరి బయట గుర్రాన్ని ఎలా కట్టాలి? ఉపాయం సులువైనది. ముతక విద్యుత్తు 7805లో ప్రవేశించే దారిలో ఒక 3 ఓముల నిరోధకం పెడతారు. పి.ఎన్.పి. జాతి పెద్ద ట్రాన్సిస్టరు ఒకదాని ఎమిటరును ఆ నిరోధకానికి ముందు, బేసును దాని తరువాత తగిలించి, కలెక్టరును బయటి తీగకు కలుపుతారు. 7805 లాగే కరెంటు పావు ఆంపియరుకు కాస్త తక్కువగా ఉన్నంతసేపు పెద్ద ట్రాన్సిస్టరు నిద్రలో ఉంటుంది. అది దాటగానే నిరోధకంలో 0.7 వోల్టు పడి ట్రాన్సిస్టరు మేలుకొంటుంది. అదనపు భారమంతా దానిది. వోల్టేజిని నిర్ణయించేది మాత్రం 7805యే. రెండు వస్తువులు కలిపితే అయిదు ఆంపియర్లు! ఈ బొమ్మ గీయని ఎలక్ట్రానిక్స్ నోటుపుస్తకం ఉండదు.

చాలా పుస్తకాలు బొమ్మ గీసి ఊరుకొంటాయి. ఆ బొమ్మలో బయటి తీగలు కలుసుకొంటే ఏమవుతుంది? 7805 తన అలవాటు ప్రకారం సుమారు రెండు ఆంపియర్ల వద్ద తనను తాను ఆపుకొంటుంది. కాని ఆ రెండింటిలో నిరోధకం గుండా వెళ్లేది పావు ఆంపియరే. తక్కినది, అంటే ఒకటిముప్పావు ఆంపియరు, పెద్ద ట్రాన్సిస్టరు బేసు నుండే రావాలి. దాని వృద్ధి ఇరవై అయితే కలెక్టరు నుండి పారేది 35 ఆంపియర్లు! 7805 తాను క్షేమంగా ఉండి, తన హద్దును ఇరవై రెట్లు చేసి పక్కవాడి నెత్తిన రుద్దుతుందన్నమాట. వేడిని పసిగట్టే దాని తెలివి దాని సొంత చిప్పుకే పరిమితం. పక్కనే ట్రాన్సిస్టరు కాలిపోతున్నా దానికి చీమ కుట్టినట్లయినా ఉండదు.

ట్రాన్సిస్టరు కాలిపోతే పోనీ, కొత్తది వేసుకోవచ్చు అనిపించవచ్చు. అసలు అపాయం అది కాలడంలో లేదు, కాలే తీరులో ఉన్నది. పెద్ద ట్రాన్సిస్టర్లు చచ్చినపుడు సాధారణంగా దారి మూయవు, తెరిచేస్తాయి. ఎమిటరు, కలెక్టరు లోపల కరగి ఒకటైపోతాయి. తూము తలుపు విరిగి కొట్టుకుపోయినట్లు ఎగువ వోల్టేజి అంతా దిగువకు దూకుతుంది. 5 వోల్టులకు అలవాటుపడిన లాజిక్ చిప్పులకు పన్నెండో పదిహేనో వోల్టులు. హ్యామ్ సోదరుని వేలకొద్దీ రూపాయల ప్రసార యంత్రానికి 13.8కి బదులు 20. చౌక ట్రాన్సిస్టరు ఒకటి పోతూ పోతూ ఖరీదైన యంత్రాన్ని వెంట తీసుకుపోతుంది.

7805 బొమ్మకు విరుగుడు ఉన్నది. పెద్ద ట్రాన్సిస్టరు ఎమిటరు దారిలో 0.15 ఓము నిరోధకం, దానికి అడ్డంగా మరొక చిన్న పి.ఎన్.పి. ట్రాన్సిస్టరు. నాలుగు ఆంపియర్లు చేరగానే అక్కడ 0.6 వోల్టు పడి చిన్నది మేలుకొంటుంది. పెద్దదాని బేసుకు పోవలసిన ప్రేరణను తాను దొంగిలిస్తుంది. మిగిలిన భారం మళ్లీ 7805 మీదకే పోతుంది. తనను తాను కాపాడుకోవడం దానికి ఎటూ తెలుసు. ఇది కాక, బయటి తీగలకు అడ్డంగా ఎస్.సి.ఆర్. ఒకటి పెట్టి, వోల్టేజి హద్దు మీరగానే అది తీగలను తానే కలిపివేసేలా చేస్తారు. దీనికి క్రౌబార్ అని పేరు, అంటే గడ్డపలుగు! రేడియో బతుకుతుంది, ఫ్యూజు తెగుతుంది. రెండింటినీ ఒకే వేడిరెక్కల పలకపై బిగించి, ట్రాన్సిస్టరు వేడి 7805కు సోకేలా చేసేవారూ ఉన్నారు. మంచిదే, కాని పలక వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది, ట్రాన్సిస్టరు లోపల కాలడానికి క్షణం చాలు. పలక ఒక్కటే చాలునని మురిసిపోరాదు.

ఈ లోటును మొదలంటా ఎత్తిచూపి పూరించాలనుకొన్నది డాబ్కిన్ అని నాకు తోస్తుంది. 1970లలో అతడు ఎల్.ఎం.195 అనే వింత వస్తువును చేశాడు. పైకి మూడు కాళ్ల మామూలు పవర్ ట్రాన్సిస్టరు. లోపల కరెంటుకు హద్దు, వేడికి హద్దు ఉన్న పూర్తి చిప్పు. అంటే తన ఒంటి వేడి తనకు తెలిసిన గుర్రం. ఎల్.ఎం.317 పత్రాలలోనే ఒక బొమ్మ ఉన్నది: 317 సారథి, మూడు ఎల్.ఎం.195లు పక్కపక్కన గుర్రాలు. ఇందులో ఏది కలుసుకొన్నా, ఏది వేడెక్కినా ఎవరికి వారే తగ్గుతారు. ఆశ్చర్యం ఏమిటంటే ఈ ఊహ ఎంత చక్కనిదైనా జనంలోకి పోలేదు. 2ఎన్3055 చవక, ఎల్.ఎం.195 ఖరీదు. బలం పెంచుకోవడానికి డబ్బు పెట్టేవారు రక్షణకు పెట్టరు. సంస్థలు మరొక దారిన వెళ్లాయి: 5 ఆంపియర్ల ఎల్.ఎం.338, 10 ఆంపియర్ల ఎల్.ఎం.396 అంటూ చిప్పులోని గుర్రాన్నే మేపి పెంచాయి.

1970ల చివరి నుండి స్విచింగ్ పద్ధతి వ్యాపించింది. తూమును సగం తెరిచి ఉంచకుండా, సెకనుకు వేలసార్లు పూర్తిగా తెరుస్తూ పూర్తిగా మూస్తూ సగటును కాపాడే పద్ధతి అది. వేడి చాలా తక్కువ. నేడు మన జేబులోని ఛార్జరు మొదలు కంప్యూటర్ల దాకా అన్నీ అవే. అయినా లీనియర్ జాతి అంతరించలేదు. ఆ తెరవడం మూయడంలో పుట్టే రొద రేడియో గ్రాహకాలకు, సూక్ష్మ కొలత పరికరాలకు గిట్టదు. అక్కడ వేడిని భరించైనా నిశ్శబ్దాన్ని కొనుక్కుంటారు.

విడ్లార్ 1970 చివర నేషనల్‌ను విడిచి మెక్సికో వెళ్లిపోయాడు. 1991 ఫిబ్రవరిలో అక్కడే, ప్యూర్తో వయార్తాలో, యాభైమూడవ ఏట గుండెపోటుతో మరణించాడు. డాబ్కిన్ 1981లో మరికొందరితో కలిసి లీనియర్ టెక్నాలజీ సంస్థను స్థాపించాడు. (2017లో అది అనలాగ్ డివైసెస్ సంస్థలో కలిసింది.) అక్కడి నుండి 2007లో అతడు తెచ్చిన ఎల్.టి.3080లో ప్రమాణం వోల్టేజి కాదు, 10 మైక్రోఆంపియర్ల స్థిరమైన కరెంటు. దానిని ఒక నిరోధకంలోకి పంపితే కావలసిన వోల్టేజి పుడుతుంది. ఒక్కొక్క చిప్పు ఇచ్చేది 1.1 ఆంపియరే. కాని ఎన్నింటినైనా పక్కపక్కన కట్టవచ్చు. ప్రమాణపు కాళ్లన్నింటినీ ఒకచోట కలిపి, ఒక్కొక్కదాని బయటి కాలికి 10 మిల్లీఓముల నిరోధకం పెడితే చాలు. దానికి వేరే నిరోధకం కూడా కొననక్కరలేదు, బోర్డు మీద అంగుళమో రెండంగుళాలో పొడవైన రాగి గీత సరిపోతుంది. వాల్వుల నాడు కాథోడు కాలికి తగిలించిన చిన్న నిరోధకమే ఇది, రాగి గీతగా సన్నబడింది. వేడి ఒక్కచోట కుప్పపడకుండా బోర్డంతా పరచుకొంటుంది. ప్రతి చిప్పులోనూ సారథి ఉన్నాడు, గుర్రం ఉన్నది, తన వేడి తనకు తెలుసు.